కీత్‌కు టీ పొయ్యని రోజు

ప్రొవిడెన్స్ వీధిలో కీత్ వచ్చే రోజంటే పండగే. అక్టోబరు మొదట్లో, చలి ఇంకా గుమ్మం దాటి లోపలికి రాకముందే, ఒక మంగళవారం పొద్దున్న వాడి తెల్ల వ్యాను వీధి మొగలో ఆగుతుంది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఇళ్ళను వెచ్చబెట్టే గ్యాసు బాయిలర్లన్నిటికీ ఆ ఒక్క రోజులోనే సర్వీసు అయిపోతుంది. ఒక్క మనిషి ఒక్క రోజులో అన్నిటినీ ఎలా చేస్తాడని అడిగినవాళ్ళు లేరు. అడగాల్సిన ఆడవాళ్ళంతా ముందు రోజు నుంచీ కేకుల గొడవలో మునిగి ఉంటారు.

ఒకామె నిమ్మకాయ కేకు చేస్తుంది. ఇంకొకామె ఎండుద్రాక్ష కేకు చేసి పక్కన చీజు ముక్క పెడుతుంది. అల్లం, ఓట్లు, నల్లటి పాకం కలిపి చేసే పార్కిన్ కేకుకి మేవిస్ హెల్లివెల్ పెట్టింది పేరు. కీత్ ఎవరింట్లో రెండో ముక్క అడిగి తింటే ఆ ఏడాదంతా వీధిలో వాళ్ళదే పైచెయ్యి. బాయిలర్ సంగతి ఎవరికి కావాలి?

ఇంకో ఆచారం కూడా ఉంది. పనికొచ్చినవాడికి ఇంట్లో ఉన్నవాటిలో మంచి కప్పులో టీ పోసిచ్చి, పళ్ళెంలో కేకు పెట్టి, ఇంటివాళ్ళు ముందు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకోవాలి. వాడు పిలిచేదాకా వంటింట్లోకి తొంగి చూడకూడదు. పనిచేసేవాడి నెత్తిన నిలబడి చూడటమంటే వాడిని మొహం మీద దొంగా అనడమేనని ఆ వీధి తల్లులందరూ పిల్లలకు చిన్నప్పుడే నూరిపోశారు. ఎంత నూరిపోశారంటే, ఇల్లు తగలబడిపోతున్నా సరే, పనివాడు పిలవలేదు కదా అని వీళ్ళు సోఫాలో కూర్చునే ఉంటారు.

మేవిస్ కూడా కూర్చునేది. బడి వంటశాలలో పెద్ద వంటమనిషిగా చేసి రిటైరైన మేవిస్ దృష్టిలో ఈ భూమ్మీద పని సరిగ్గా చేసే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ మనిషి ఆమెకు రోజూ పొద్దున్న అద్దంలో కనిపిస్తుంది. మిగతావాళ్ళంతా సోమరులు, శుంఠలు, లేదా ఆ రెండూ కలిసినవాళ్ళు. పోస్టు పంచేవాడు సోమరి. చర్చిలో పియానో వాయించే ఆమె శుంఠ. కీత్ అయితే రెండూ కలిసినవాడని ఆమెకు ఎప్పుడో తెలుసు. ముందు గదిలో కూర్చుంటే వంటింట్లోంచి కప్పు చప్పుడు వినపడేది, వాడి ఈలపాట వినపడేది, పళ్ళెంలో వేళ్ళతో పొడి ఏరుకునే చప్పుడు కూడా వినపడేది. పానా తిరిగిన చప్పుడు మాత్రం ఏ ఏడూ వినపడలేదు. ఆ తరవాత వాడు బాయిలర్ రేకు మీద, పుచ్చకాయ కొనేవాడిలా, వేళ్ళతో టకటకా కొట్టేవాడు.

"బంగారంలా ఉంది మేవిస్ ఆంటీ! నీకంటే ఎక్కువ కాలం బతుకుతుంది చూడు."

"చాలా థాంక్స్ కీత్, నీకు శ్రమ ఇచ్చాం," అని మేవిస్ గడియారం కింద పెట్టిన డబ్బు తీసి వాడి చేతిలో పెట్టేది. తలుపు వేసుకున్నాక, పనికిమాలిన వెధవ అని తిట్టుకుంటూ ఆ కప్పు కడిగేది. మనసులో అంత చులకన ఉన్న మనిషికి నోట్లోంచి థాంక్స్ తప్ప వచ్చేది కాదు. ఈ ఇంగ్లీషు దేశంలో దాన్ని మర్యాద అంటారు.

కీత్ తండ్రి నార్మన్ అలాంటివాడు కాదు. ఆ బ్యాట్లీ ఊళ్ళో సగం ఇళ్ళకు బాయిలర్లు బిగించింది ఆయనే. మేవిస్ వంటింటి మూల నిలబెట్టిన నడుమెత్తు తెల్ల రేకు పెట్టె కూడా ఆయన చేతి పనే. ఇంటి పాత పొగగొట్టంలోంచే దాని పొగ పైకి పోవాలి. నార్మన్ ఏటా వచ్చి, ముందు రేకు ఊడదీసి, నేల మీద బోర్లా పడుకుని, బ్రష్షుతో లోపలంతా గీకి, మసి మొహంతో లేచేవాడు. ఆయన పోయి పుష్కరం దాటింది. వ్యానూ, వీధీ, కేకులూ కొడుక్కి వచ్చాయి. ఆ బోర్లా పడుకోవడం ఒక్కటే రాలేదు.

వీధి మొత్తంలో కీత్‌ను గడప తొక్కనివ్వనిది ఐవీ ఒక్కతే. మేవిస్ ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఐవీ ఏటా లీడ్స్ నుంచి వేరే మనిషిని పిలిపించుకుంటుంది. అది కూడా ఒక ఆడమనిషి. వచ్చినామెకు టీ ఇవ్వకుండా, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, "అదేంటి? ఇదెందుకు తీశావు? ఆ మంట నీలంగా ఉందా లేదా నాకూ చూపించు," అంటూ చివరిదాకా చూస్తుంది. పనయ్యాకే టీకి కెటిల్ పెడుతుంది. ఈ వార్త తెలిసినప్పుడు వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. "మనుషుల్ని నమ్మని మనిషి," అంది ఒకామె. "నమ్మకం దానికెలా ఉంటుంది, దొంగకి," అంది మేవిస్.

ఆ దొంగ అనే మాట ఊరికే అనలేదు. మేవిస్ తల్లి దగ్గర జూబిలీ ఉత్సవాలప్పటి, రాణిగారి బొమ్మ ఉన్న కప్పు ఒకటి ఉండేది. చెవి దగ్గర చిన్న పెచ్చు లేచిన కప్పు. ముసలామెకు మతి తప్పాక కూడా ఆ కప్పును మాత్రం గుర్తుపట్టేది. మేవిస్ బడి వంటశాలకు పోయినప్పుడు ఐవీ వచ్చి ఆమె పక్కన కూర్చునేది. ఒక రోజు సాయంత్రం మేవిస్ ఇంటికొచ్చేసరికి అల్మరాలో కప్పు లేదు. తల్లిని అడిగితే, "రాణిగారే వచ్చి పట్టుకుపోయారు," అంది. ఆ రోజు ఇంట్లోకి వచ్చిన మనిషి ఐవీ. ఇంకెవరూ రాలేదు. అంటే, బాయిలర్ చూడటానికి నార్మన్ వచ్చి వెళ్ళాడు కానీ పనివాళ్ళు లెక్కలోకి రారు. మేవిస్ వీధిలో నిలబడి అందరూ వినేలా ఐవీని అనాల్సిన మాటలన్నీ అంది. ఐవీ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజు నుంచి ఆ రెండు ఇళ్ళ మధ్య మాటల్లేవు. తల్లి అంత్యక్రియలకు ఐవీ పంపిన పూలను మేవిస్ చెత్త డబ్బాలో వేసింది.

పోయిన చలికాలంలో మేవిస్ తమ్ముడు క్లిఫర్డ్ ఆమె దగ్గరికి వచ్చి చేరాడు. పాత ఉన్ని గుడ్డలను చీల్చి మళ్ళీ నూలు తీసే మిల్లులో అతను బతుకంతా పనిచేశాడు. ఆ దుమ్మంతా ఇప్పుడు ఊపిరితిత్తుల్లో ఉంది. మెట్లు ఎక్కలేడు కాబట్టి వంటింటి పక్క చిన్నగదిలో మంచం వేశారు. చలి తగలకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారు. మేవిస్ రాత్రింబగళ్ళు బాయిలర్ మండించి ఆ గదిని పొదిగే కోడిలా వెచ్చగా ఉంచింది.

వచ్చిన వారానికే క్లిఫర్డ్‌కు తలనొప్పి మొదలైంది. పొద్దున్నే కడుపులో తిప్పేది. గిన్నెలు తుడవమంటే కళ్ళు తిరుగుతున్నాయనేవాడు. మేవిస్ పెదవి విరిచింది. గిన్నెలు తుడవమనగానే కళ్ళు తిరగడం వాడికి ఐదేళ్ళప్పటి నుంచీ ఉన్న రోగమే. ఎవరో చెబితే క్లిఫర్డే వెళ్ళి విషవాయువు పసిగట్టే అలారం ఒకటి కొని గోడకు తగిలించాడు. అది రెండో రోజే కీచుమని అరవడం మొదలుపెట్టింది. మేవిస్ కీత్‌కు ఫోను చేసింది. వాడు వచ్చి, అలారంలోంచి బ్యాటరీ తీసి సొరుగులో పడేశాడు.

"చవక రకం ఆంటీ. ఊరికే అరుస్తాయి. పార్కిన్ ఏమైనా మిగిలిందా?"

మిగిలింది. పెట్టింది.

సెప్టెంబరు చివర్లో ఊపిరాడక క్లిఫర్డ్‌ను ఆసుపత్రిలో చేర్చారు. వారం తరవాత ఇంటికి వచ్చినవాడు మొహంలో రంగుతో వచ్చాడు. ఆ సాయంత్రం మేవిస్ బాయిలర్ మండించింది. మర్నాడు పొద్దున్న అతను బకెట్ మీద వంగి కక్కుతున్నాడు.

"విచిత్రం అక్కా," అన్నాడు నోరు తుడుచుకుంటూ. "అక్కడున్నన్ని రోజులూ తలనొప్పన్నదే లేదు. వాళ్ళు తమ బాయిలర్ చూసేవాడికి కేకు పెట్టరనుకుంటా."

అతను నవ్వాడు. మేవిస్ నవ్వలేదు. బకెట్ అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళి బాయిలర్ ముందు నిలబడింది. రేకు పైన గోడ మీద నల్లటి చార ఉంది. ఆ చారను ఆమె ఏటా సున్నంతో కప్పుతూనే ఉంది. చిన్న అద్దంలోంచి కనిపించే మంట పసుపుపచ్చగా ఊగుతోంది. అది నీలంగా ఉండాలని, ఐవీ లీడ్స్ మనిషితో అన్న మాట గోడ అవతలి నుంచి ఆమె చెవిన పడ్డదే. విని ఆ రోజు వెక్కిరించింది. మేవిస్ వంగి బాయిలర్ ఆర్పేసింది. లోపలి విషవాయువు పోవాలని కిటికీ తెరిచి, తమ్ముడికి ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పింది. కీత్ రావడానికి ఇంకొక్క రోజే ఉంది. ఆ ఒక్క రోజు దుప్పట్లతో గడవవచ్చు. ఆ తరవాత వచ్చేది అసలు చలి.

మంగళవారం కీత్ ఈల వేసుకుంటూ లోపలికి వచ్చేసరికి వంటింటి మధ్యలో ఒక కుర్చీ ఉంది. కుర్చీలో చేతులు కట్టుకుని మేవిస్ ఉంది. స్టవ్ మీద కెటిల్ లేదు. బల్ల మీద పళ్ళెం లేదు.

కీత్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఆంటీ? ఒంట్లో బాగుండలేదా?"

"బాగానే ఉంది. పని చూసుకో."

"నువ్వు ముందు గదిలో కూర్చోవా?"

"ఈ కుర్చీ బాగుంది."

వాడు సంచి కింద పెట్టి, స్టవ్ వైపు చూసి, బల్ల వైపు చూసి, గొంతు తడుముకున్నాడు. "పొద్దున్నుంచి తిరుగుతున్నా. గొంతు ఎండిపోయింది ఆంటీ."

"కుళాయి నీ పక్కనే ఉంది."

ఆ వీధిలో ఒకళ్ళ మొహాన ఉమ్మినా ఇంత అవమానం కాదు. కీత్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా అలవాటు కొద్దీ వెళ్ళి రేకు మీద టకటకా కొట్టి, చెవి ఆనించాడు. "బంగారం!"

"ఆర్పేసి ఉంది," అంది మేవిస్. "ఆరిపోయిన బాయిలర్‌లో నీకేం వినపడింది?"

"అదే... పైపుల్లో నీళ్ళు..."

"ముందు రేకు తియ్యి."

"అక్కర్లేదు ఆంటీ. ఊరికే కదిపితే సీలు పోతుంది."

"మీ నాన్న ఏటా కదిపేవాడు. తియ్యి."

కీత్ రేకును పక్కకు లాగాడు. రాలేదు. కిందకు లాగాడు. రాలేదు. ఎక్కడో పట్టు దొరుకుతుందని అంచులన్నీ తడిమాడు. వేలు కోసుకుని నోట్లో పెట్టుకున్నాడు. మేవిస్ చెమట పట్టిన ఆ మెడను చూసింది. ఇన్నేళ్ళూ పార్కిన్ మేపింది ఈ మెడనే. తన చేతులతో ముక్కలు కోసి, పెద్ద ముక్క చూసి మరీ పెట్టింది.

"నీకు తియ్యడం రాదు," అంది నెమ్మదిగా. "ఒక్కసారి కూడా తియ్యలేదు నువ్వు."

"నాన్న నాకు నేర్పించేలోపే పోయాడు ఆంటీ," అన్నాడు వాడు నేల చూస్తూ. "వీధిలో అందరూ నన్నే పిలిచారు. టీ ఇచ్చి తలుపేసుకునేవాళ్ళు. ఎవరూ చూసేవాళ్ళు కాదు. మొదటి ఏడు భయమేసింది. ఏమీ జరగలేదు. రెండో ఏడు భయం పోయింది."

"ఏమీ జరగలేదా? పక్క గదిలోకి వెళ్ళి చూడు, ఏం జరిగిందో."

ఆమె లేచి వాడిని భుజంతో నెట్టేసింది. రేకును రెండు చేతులా పట్టుకుని పైకెత్తి తన వైపు లాగింది. నార్మన్ అలా తీయడం, వంటశాల పనికి పోయే తొందరలో, గుమ్మంలోంచి ఒకసారి చూసిందే. రేకు కిర్రుమని ఊడి వచ్చింది. దానితో పాటు మసి కుప్పగా జారి నేల మీద, ఆమె చెప్పుల మీద, కీత్ బూట్ల మీద పడింది. లోపల బర్నరు మీద, పొగ పోవాల్సిన దారికి అడ్డంగా, కాకులు పొగగొట్టంలోంచి జారవిడిచిన పుల్లలూ ఉన్ని పీచులూ గూడు కట్టుకుపోయి ఉన్నాయి. అడుగున, రేకుకు ఆనుకుని, ఒక కప్పు ఉంది.

మేవిస్ వంగి దాన్ని తీసింది. బొటనవేలితో రుద్దితే మసి కింద నుంచి రాణిగారి ముక్కు, తరవాత కిరీటం బయటపడ్డాయి. చెవి దగ్గర పెచ్చు ఉంది. అడుగున తాగకుండా వదిలేసిన టీ ఎండి గట్టి పెంకులా అంటుకుపోయి ఉంది.

కీత్ దాన్ని చూసి గోడకు చేరగిలబడ్డాడు. "ఇదా," అన్నాడు. "ఆసుపత్రిలో చివరి రోజుల్లో నాన్న ఒకటే గొడవ, మేవిస్ వాళ్ళింట్లో టీ మర్చిపోయా, మేవిస్ వాళ్ళింట్లో టీ మర్చిపోయా అని. జ్వరంలో మాట్లాడుతున్నాడనుకున్నాం."

తల్లే ఇచ్చి ఉంటుంది. మతి తప్పినా, పనికొచ్చినవాడికి మంచి కప్పులో టీ పొయ్యాలన్న సంగతి మాత్రం ఆమెకు తప్పలేదు. నార్మన్ నేల మీద పడుకుని, చేతికందేలా లోపల పెట్టుకుని, మర్చిపోయి రేకు బిగించి వెళ్ళాడు. ఆ తరవాత ఆ రేకు తీసినవాడు లేడు.

"నువ్వు ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ప్రతి ఇంటికీ వెళ్ళు," అంది మేవిస్. గొంతు ఎత్తలేదు. "బాయిలర్లు ఆర్పేసుకోండి, నేనెప్పుడూ దేన్నీ తెరవలేదని చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతా. నేను చెప్పే పద్ధతి నీకు నచ్చదు."

"కేకు పెట్టినవాళ్ళ మొహం ఎలా చూడను ఆంటీ?"

"ఇన్నేళ్ళూ ఎలా చూశావో అలాగే. పో."

వాడు సంచి తీసుకుని వెళ్ళాడు. డబ్బు గడియారం కిందే ఉండిపోయింది. తెరిచిన కిటికీలోంచి చలిగాలి వంటింట్లో తిరుగుతోంది. పక్క గదిలో క్లిఫర్డ్ దగ్గుతున్నాడు. పొద్దుటికంటే దగ్గు లోతుగా ఉంది. మేవిస్ ఎలక్ట్రిక్ హీటర్ ఎవరినైనా అడుగుదామా అనుకుంది. కానీ ఈ మసి గాలి పోయేదాకా కిటికీ మూయలేని ఇంట్లో, అది ఏ మూలకు? వాడిని ఏదైనా వెచ్చటి ఇంట్లో పడుకోబెట్టాలి, ఇప్పుడే. వీధిలో ఒక్కొక్క ఇల్లే తలచుకుంది. నిమ్మకాయ కేకు ఇల్లు, కీత్ బాయిలర్. ఎండుద్రాక్ష కేకు ఇల్లు, కీత్ బాయిలర్. ఆ మూల ఇల్లు, కీత్ బాయిలర్. తమ్ముడిని పడుకోబెట్టగల ఇల్లు ఆ వీధి మొత్తంలో ఒక్కటే మిగిలింది. దానికీ తనకూ మధ్య ఒకటే గోడ.

చేతుల మసి కడుక్కోవాలని, కప్పు పట్టుకునే ఆమె కుళాయి దగ్గరికి వెళ్ళింది. క్లిఫర్డ్ మళ్ళీ దగ్గాడు. ఈసారి ఊపిరి తిరిగి అందుకోవడానికి చాలాసేపు పట్టింది. మేవిస్ వెళ్ళి అతన్ని లేపి, దుప్పటి చుట్టి, నడుం చుట్టూ ఒక చెయ్యి వేసింది.

"ఎక్కడికక్కా?"

"నోర్మూసుకుని నడు."

ఐవీ తలుపు తీసింది. పొట్టి మనిషి, చూపు సూటిగా ఉంటుంది. ముందు క్లిఫర్డ్‌ను చూసింది. తరవాత మేవిస్ నల్లటి చేతుల్ని చూసింది. ఒక చేతిలో ఉన్న కప్పు దగ్గర ఆమె చూపు ఆగింది. క్లిఫర్డ్‌ను రెండో వైపు నుంచి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, గదిని వెచ్చబెట్టే రేడియేటరు పక్కనున్న సోఫాలో పడుకోబెట్టి, కాళ్ళకింద దిండు పెట్టింది. వేడి టీ తెచ్చి అతని చేతికిచ్చింది. ఆ ఇంట్లో వెచ్చదనానికి వాసన లేదు. తమ ఇంట్లో వెచ్చదనానికి వాసన ఉండేదని మేవిస్‌కు అప్పుడు తెలిసింది.

"వంటింట్లోకి రా," అంది ఐవీ.

వంటింట్లో ఐవీ బల్ల కింద నుంచి కుర్చీ లాగి మధ్యలో వేసింది. దానికి ఎదురుగా ఇంకోటి వేసుకుని తను కూర్చుంది.

"ఎక్కడ దొరికింది?"

"బాయిలర్‌లో. నార్మన్ పెట్టి మర్చిపోయాడు."

"అయితే అప్పటి నుంచీ ఆ రేకు తియ్యలేదన్నమాట."

"లేదు."

"బాయిలర్ తెరిస్తే గానీ నేను దొంగని కాదని నీకు తెలియలేదు." ఐవీ గొంతులో కోపం లేదు. అంతకంటే చెడ్డది, చులకన ఉంది. మేవిస్‌కు ఆ గొంతు బాగా తెలుసు. జీవితమంతా అందరినీ తను మనసులో తిట్టుకున్న గొంతే అది. "మీ అమ్మకి నేను అన్నం తినిపించాను మేవిస్. జుట్టు దువ్వాను. మంచం తడిపితే నువ్వు బడి నుంచి వచ్చేలోపు దుప్పట్లు ఉతికి ఆరేశాను, నీకు తెలిస్తే ఆవిడ సిగ్గుపడుతుందని. నువ్వు ఏమన్నావో గుర్తుందా?"

"గుర్తుంది."

"వీధిలో నిలబడి అన్నావు."

"ఐవీ, థాంక్స్. క్లిఫర్డ్‌ని... నీకు శ్రమ ఇచ్చాం..." అలవాటైన మాటలే నోట్లోంచి వచ్చాయి. కీత్‌కు ఏటా చెప్పిన మాటలే.

"ఆ మాటలు నాకొద్దు," అంది ఐవీ. "అవి పనిచెయ్యనివాళ్ళకు చెప్పే మాటలు. నీ తమ్ముడు ఎన్నాళ్ళైనా ఇక్కడ ఉండచ్చు, దానికీ దీనికీ సంబంధం లేదు. నువ్వు చెప్పాల్సింది వేరే ఉంది. అది చెప్పు. కీత్‌లా పై రేకు మీద కొట్టి బంగారం అనకు. తెరిచి చెప్పు."

మేవిస్ స్టవ్ వైపు చూసింది. కెటిల్ పక్కన పెట్టి ఉంది. ఐవీ చేతులు కట్టుకుని ఆమె మొహంలోకే చూస్తోంది. ఆ చూపు తప్పించుకుని వెళ్ళి కూర్చోవడానికి ముందు గది లేదు. అక్కడ తమ్ముడు నిద్రపోతున్నాడు, చాలాకాలానికి ప్రశాంతంగా.

మేవిస్ కప్పును ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ రోజు నేను బడి నుంచి వచ్చేసరికి..." అని మొదలుపెట్టింది. ఐవీ కెటిల్ పెట్టడానికి లేవలేదు.